పొడుగ్గా కొడితే గెలుస్తాం, సరే. ఆడేదెవరు?

పదకొండేళ్ల పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ గెలవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. జట్టులో అందరికంటే బలంగా తన్నేవాణ్ణి వెనక పెట్టండి. అందరికంటే వేగంగా పరిగెత్తేవాణ్ణి ముందు పెట్టండి. వెనకవాడి కాలికి బాల్ తగిలిన ప్రతిసారీ గీత బయట నుంచి "కొట్టరా!" అని అరవండి. అంతే. దీనికి ప్రాక్టీసు కూడా పెద్దగా అక్కర్లేదు, గట్టి గొంతుంటే చాలు.

వెటకారానికి అనడం లేదు. ఇది నిజంగానే పనిచేస్తుంది. గాల్లోకి లేచిన బాల్ ఎక్కడ దిగుతుందో ఆ వయసులో అంచనా కుదరదు. ఆపుదామని డిఫెండర్ రెండడుగులు ముందుకేస్తాడు. బాల్ వాడి ముందు ఒక టప్పా పడి తల మీదుగా ఎగిరిపోతుంది. వాడు వెనక్కి తిరిగేసరికి మన పరుగువీరుడు దాటేసి ఉంటాడు. ఇక మిగిలింది కీపర్. పెద్దవాళ్ల గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. చిన్న గోల్ పోస్టులు పెట్టే ఓపిక లేని చోట పదకొండేళ్ల పిల్లాణ్ణి దాని కిందే నిలబెడతారు. వాడి చేతికి అందనంత ఎత్తులో ఎటు కొట్టినా గోలే. సీజన్ అంతా ఇలాగే గెలుచుకుంటూ పోవచ్చు, కప్పు కూడా రావచ్చు.

అలాంటి జట్టుతో నేను కోచింగ్ ఇచ్చే పిల్లలు ఆడుతున్నప్పుడు నా కళ్లు బాల్ మీద ఉండవు, వాళ్ల మిడ్‌ఫీల్డ్ పిల్లాడి మీద ఉంటాయి. మొదటి పది నిమిషాలు వాడు ఉత్సాహంగానే ఉంటాడు. వెనకనుంచి బాల్ లేవగానే ముందుకు పరిగెత్తుతాడు. వాడు చేరేలోపే అది మా కీపర్ చేతుల్లోకో, గీత బయటకో వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ వెనక్కి పరిగెత్తుతాడు. మళ్లీ తల మీదుగా బాల్. కాసేపటికి పరుగు నడకవుతుంది. ఒక చేయి నడుం మీదకు వెళుతుంది. మేజోడు లాక్కుంటాడు, షూ లేసు విప్పి కట్టుకుంటాడు, మళ్లీ విప్పుతాడు. రెండో సగానికి వాడు ఆటగాడు కాదు, మైదానం మధ్యలో నిలబడి చూసే ప్రేక్షకుడు. బయట వాళ్లమ్మ "పరిగెత్తరా, ఏంటలా నిలబడ్డావ్!" అని అరుస్తూ ఉంటుంది. పాపం, వాడు పరిగెత్తి ఏం చేయాలో ఆవిడైనా చెప్పలేదు.

ఆ జట్టు మూడు సున్నాతో గెలిచి ఉండొచ్చు. కానీ ఆట ఆడింది ఇద్దరే. మిగతావాళ్లు వాళ్లిద్దరికీ తోడొచ్చారు.

పొజెషన్ ఆటా (దగ్గర పాసులతో బాల్‌ని మన దగ్గరే ఉంచుకోవడం), లాంగ్ బాలా (పొడుగ్గా ముందుకు కొట్టేయడం) అని కోచ్‌ల మధ్య ఎప్పుడూ నడిచే గొడవలో నేను చూసుకునే లెక్క ఇదొక్కటే: బాల్ కాలి దగ్గర ఉండగా ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన పరిస్థితి ఇవాళ ఎంతమంది పిల్లలకు వచ్చింది? వాళ్లు తేల్చుకున్నది సరైనదా కాదా అన్నది తర్వాతి సంగతి. ముందు ఆ పరిస్థితి రావాలి కదా.

ఈ గొడవ పాతదే, దాని వెనక పెద్ద కథే ఉంది. బ్రిటన్ వైమానిక దళంలో లెక్కలు చూసే చార్లెస్ రీప్ అనే అధికారి 1950లో స్విండన్ టౌన్ ఆట చూస్తూ ప్రతి పాసునీ గుర్తులతో నోట్‌బుక్‌లో ఎక్కించడం మొదలుపెట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి అదే పని. 1968లో బెర్నార్డ్ బెంజమిన్ అనే గణాంకవేత్తతో కలిసి ఒక పరిశోధన పత్రం కూడా ప్రచురించాడు. ఆయన పట్టుకున్న విషయం ఇది: గోల్స్‌లో అత్యధిక భాగం మూడు పాసులు, లేదా అంతకంటే తక్కువ పాసులతోనే వస్తున్నాయి. అలాంటప్పుడు పది పాసులు వేస్తూ కూర్చోవడం దేనికి, బాల్‌ని తొందరగా ముందుకు పంపితే పోలేదా? ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో కోచింగ్ బాధ్యతలు చూసిన చార్లెస్ హ్యూస్ కూడా ఇదే దారిలో నడిచాడు. ఆ ప్రభావం అక్కడి చిన్నపిల్లల మైదానాల దాకా పాకింది.

లెక్కలో మెలిక ఎక్కడుందంటే, మ్యాచ్‌లో జరిగే పాసుల వరసల్లో చాలా భాగం ఎలాగూ మూడు పాసుల్లోపే ముగిసిపోతాయి. ఎక్కువసార్లు జరిగేదాంట్లోంచి ఎక్కువ గోల్స్ రావడంలో వింతేముంది? మైక్ హ్యూస్ (ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు), ఇయాన్ ఫ్రాంక్స్ అనే పరిశోధకులు 2005లో 1990, 1994 ప్రపంచ కప్‌ల ఆటను తీసుకుని లెక్క సరిచేసి చూశారు. బాగా ఆడిన జట్లకు పొడవాటి పాసుల వరసలతో, బాల్ దొరికిన సార్ల లెక్కన చూస్తే, గోల్స్ ఎక్కువగా వచ్చాయి. అక్కడితో పొజెషన్ వాళ్లు చప్పట్లు కొట్టేస్తారు. అదే పత్రంలో ఇంకో రెండు మాటలున్నాయి, అవి ఎవరూ చెప్పరు. బలహీనమైన జట్లకు ఈ పద్ధతీ ఆ పద్ధతీ అని పెద్ద తేడా కనబడలేదు. షాట్ దాకా వచ్చాక అది గోల్‌గా మారే పాలు మాత్రం నేరుగా ముందుకెళ్లే ఆటలోనే ఎక్కువ.

నాకు ఆ "బలహీనమైన జట్లకు తేడా లేదు" అన్న మాట చాలా ముఖ్యం. ఎందుకంటే మా పిల్లలు ప్రస్తుతానికి ఏ లెక్కన చూసినా బలహీనమైన జట్టే. పదకొండేళ్ల వాళ్లందరూ అంతే. పాసులు ఎక్కువ వేయించినంత మాత్రాన గోల్స్ వచ్చిపడవు. పొజెషన్ నేర్పితే గెలుపు వస్తుందని తల్లిదండ్రులకు మాటిచ్చే కోచ్ అబద్ధం చెబుతున్నట్టే. నేను దగ్గర పాసులు నేర్పేది గెలుపు కోసం కాదు, బాల్ ఎక్కువ కాళ్ల మీదుగా వెళ్లాలని.

లాంగ్ బాల్ అంటే బుర్ర లేని ఆట అని తీసిపారేసే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వింబుల్డన్ క్లబ్ 1977లో ఇంగ్లండ్ లీగ్ అట్టడుగు డివిజన్‌లోకి వచ్చి, 1986కల్లా మొదటి డివిజన్‌కి ఎక్కింది. 1988లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించింది. దాన్ని అదృష్టం అనగలరా? ఎగిల్ ఓల్సెన్ శిక్షణలో నార్వే 1998 ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌ని 2-1తో కొట్టింది. ఆ నార్వే ఆటలో ఒక ఎత్తు నాకు భలే ఇష్టం. లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) నుంచి మైదానానికి అడ్డంగా, పొడుగ్గా ఒక బాల్ కుడివైపు వింగ్ (మైదానం అంచు) మీదకు వెళుతుంది. అక్కడ యోస్టెన్ ఫ్లో ఉంటాడు. మనిషి చూస్తే సెంటర్ ఫార్వర్డ్ ఆకారం, కానీ నిలబెట్టింది వింగ్‌లో. అవతలి లెఫ్ట్ బ్యాక్ సాధారణంగా అంత పొడగరి కాడు. ఫ్లో తలతో బాల్‌ని లోపలికి దించుతాడు. అది ఎక్కడ పడుతుందో ముందే తెలిసిన ఇద్దరు ముగ్గురు అప్పటికే పరుగులో ఉంటారు. కొట్టేవాడికి ఎక్కడికి కొట్టాలో తెలుసు, అందుకునేవాడికి ఏం చేయాలో తెలుసు, తలతో దించాక పడే ఆ రెండో బాల్‌కి వచ్చేవాడికి ఎటు రావాలో తెలుసు. మన మైదానాల్లో "కొట్టరా!" అన్నప్పుడు ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు.

పైగా ఆ నార్వే ఎత్తు పిల్లలతో ఆడించడానికి కూడా లేదు, అది తలమీద నడిచే ఆట. అమెరికాలో పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలు హెడింగ్ (తలతో బాల్ కొట్టడం) చేయకూడదని 2015 చివర్లో ప్రకటించారు. పదకొండు నుంచి పదమూడేళ్ల వాళ్లకు ప్రాక్టీసులో పరిమితి పెట్టారు. ఇంగ్లండ్‌లో కూడా పదకొండేళ్లలోపు మ్యాచ్‌ల నుంచి కావాలని చేసే హెడింగ్‌ని 2024-25 నుంచి దశలవారీగా తీసేస్తున్నారు. మెదడు సంగతి కాబట్టి ఇందులో వాదన అక్కర్లేదు. అంటే చిన్నవాళ్ల ఆటలో గాల్లో వచ్చిన బాల్‌కి మిగిలేది టప్పా, దాని వెనక పరుగు. ఆ పరుగు పందెంలో ఎవరు గెలుస్తారో ముందే చెప్పొచ్చు. ముందుగా ఎదిగినవాడు.

బలంగా తన్నే ఆ పెద్ద పిల్లాడి గురించి కూడా ఒక మాట. అందరూ చిన్నవాళ్లకే అన్యాయం జరుగుతుందనుకుంటారు. వయసు గ్రూపులు కట్టే తేదీకి కాస్త ముందో వెనకో పుట్టడం వల్ల ఒకే గ్రూపులో దాదాపు ఏడాది తేడా ఉన్న పిల్లలు కలిసి ఆడతారు. గ్రూపులో పెద్దవాళ్లే ఎంపికల్లో ఎక్కువగా నెగ్గుతారన్నది చాలా దేశాల్లో తేలిన విషయమే. ఆ పెద్దవాడి చేత మూడేళ్లపాటు బాల్‌ని తన్నించడం తప్ప ఇంకేం చేయించకపోతే, పదిహేనేళ్లకు మిగతావాళ్లు ఎత్తులో, వేగంలో వాణ్ణి అందుకున్నాక వాడి చేతిలో ఏమీ మిగలదు. ఫస్ట్ టచ్ (వచ్చిన బాల్‌ని మొదటి తాకుతోనే అదుపులోకి తెచ్చుకోవడం) ఉండదు, తిరగడం రాదు, ఒత్తిడిలో బాల్ దాచుకోవడం రాదు. నిన్నటిదాకా హీరో, ఇవాళ బెంచి మీద. ఎక్కాలు రాకముందే కాలిక్యులేటర్ చేతికిచ్చినట్టు అన్నమాట.

ఇక రెండోవైపు. 2010లో ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు తుది ముగ్గురూ, మెస్సీ, ఇనియెస్తా, చావీ, బార్సిలోనా వాళ్ల లా మాసియా అకాడమీ నుంచే వచ్చారు. అదే ఏడాది స్పెయిన్ ప్రపంచ కప్ గెలిచింది. దాంతో కోచ్ అన్న ప్రతివాడూ కోన్లు పేర్చి రోండో ఆడించడం మొదలుపెట్టాడు. రోండో మంచిదే. చతురస్రం చుట్టూ నలుగురు, మధ్యలో బాల్ లాక్కోవడానికి ఒకరు. నేనూ ఆడిస్తాను. తేడా ఎక్కడ వచ్చిందంటే, పాసు వేయడమే పరమార్థం అయిపోయింది.

మీరు చూసే ఉంటారు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు (వెనక మధ్యలో ఆడే డిఫెండర్లు) ఒకళ్లకొకళ్లు పాసు ఇచ్చుకుంటూ ఉంటారు. అటు, ఇటు, కీపర్‌కి, మళ్లీ అటు. బయట కోచ్ తల ఊపుతుంటాడు. "మా పిల్లలు బాల్ ఎంత బాగా ఉంచుకుంటున్నారో చూశారా" అంటాడు. ముందున్న పిల్లలు? వాళ్లూ ఆ లాంగ్ బాల్ జట్టు మిడ్‌ఫీల్డ్ పిల్లాడి లాగే నడుం మీద చేయి పెట్టుకుని చూస్తుంటారు. ఇక్కడా ఆడేది ఇద్దరే. కాకపోతే ఇది చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పేరు గొప్పగా ఉంటుంది. స్పెయిన్ అంతటి జట్టే 2018లో రష్యా మీద వెయ్యికి పైగా పాసులు వేసి, ఒక్క గోల్‌తో 1-1 దగ్గర ఆగి, పెనాల్టీల్లో ఇంటికెళ్లింది.

కొంచెం దగ్గరగా చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. పిల్లలు పాసు వేసేది చాలాసార్లు ఆట కోసం కాదు, బాధ్యత వదిలించుకోవడానికి. బాల్ వచ్చిందంటే టెన్షన్. పక్కవాడికి ఇచ్చేస్తే ఆ టెన్షన్ వాడిది. ముందుకు తన్నేయడంలో ఉన్న భయమే ఇందులోనూ ఉంది, దూరం మాత్రమే తక్కువ. అందుకే "ఐదు పాసులు వేస్తే ఒక పాయింట్" అనే డ్రిల్ నాకు పడదు. అందులో పిల్లలు మూడు మీటర్ల దూరంలో ఉన్న స్నేహితుడితో ఐదు పాసులు పూర్తి చేసి చేతులెత్తుతారు. గోల్ ఎటుందో కూడా వాళ్లకు పట్టదు. నేను ఆడించే ఆటల్లో ఎప్పుడూ ఒక దిక్కు ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరకు బాల్ చేరాలి, చివరి జోన్‌లో ఉన్నవాడు దాన్ని ఆపి తిరగాలి, అప్పుడే పాయింట్. వెనక్కి పాసు వేయొచ్చు, పక్కకు వేయొచ్చు, కానీ ఎందుకో వాడికి తెలియాలి.

నేర్పడంలో అసలు కష్టం పాసు వేయడంలో లేదు, అందుకోవడంలో ఉంది. మా జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడే అమ్మాయి ఒకర్తి ఉంది. కీపర్ నుంచి పాసు వస్తోందంటే రెండు కాళ్లూ జోడించి, ఛాతీ కీపర్ వైపు పెట్టి, శిలావిగ్రహంలా నిలబడేది. బాల్ కుడికాలికి తగిలి గీత వైపు దొర్లేది. అప్పుడు చూసేది వెనక్కి. అప్పటికి అవతలి వింగర్ మీదకొచ్చేసి ఉంటాడు. ఇక తన్నేయడం తప్ప దారేది? చూసేవాళ్లకు ఆ అమ్మాయి లాంగ్ బాల్ ఆడినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ పిల్ల బాల్ రాకముందే ఇరుక్కుపోయింది.

మార్చింది రెండే విషయాలు. ఒకటి, నడుం సగం తిప్పి నిలబడడం: వీపు గీత వైపు, ఒక కంటికి కీపర్, ఇంకో కంటికి ముందు మైదానం. బాల్‌ని దగ్గరి కాలితో కాదు, దూరపు కాలితో అందుకోవాలి. అంటే కుడినుంచి వచ్చే బాల్ శరీరం ముందుగా దాటి ఎడమ కాలి లోపలి అంచుకు తగలాలి. అలా తగిలితే మొదటి టచ్‌తోనే ముఖం ముందుకు తిరిగి ఉంటుంది. రెండు, బాల్ దారిలో ఉండగానే ఒకసారి భుజం మీదుగా చూడడం. దీనికి పాత కిటుకు ఒకటుంది. నేను వెనక నిలబడి వేళ్లు చూపిస్తాను, బాల్ కాలికి తగిలేలోపు ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పాలి. మొదట్లో ఈ అమ్మాయి చూడకుండానే "మూడు!" అని అరిచేసేది. సగంసార్లు కరెక్టే అయ్యేది, ఎందుకంటే నేను ఎక్కువగా మూడే చూపిస్తున్నానని కనిపెట్టేసింది. తెలివి తక్కువేం కాదు. ఆ తర్వాత పిడికిలి చూపించడం, రెండు చేతులూ ఎత్తడం, ఒక్కోసారి అసలు అక్కణ్ణుంచి మాయమవడం మొదలుపెట్టాను. "సార్, మీరు లేరు!" అంది ఒకరోజు, తిరిగి బాల్ అందుకుంటూనే. ఆ రోజు ప్రాక్టీసు అక్కడితో ఆపేసినా నాకు బాధ ఉండేది కాదు.

ఇలా చూడడం అలవాటైన పిల్ల తన్నినా నాకు పర్వాలేదు. చూసింది, ఎవరూ ఖాళీగా లేరు, తన్నింది. అది ఆటే.

నిబంధనలు కూడా ఈ మధ్య కాలంలో దగ్గర ఆటకు సాయం చేస్తున్నాయి. 1992లో కీపర్లు సొంత జట్టువాడు కాలితో కావాలని ఇచ్చిన బాల్‌ని చేత్తో పట్టుకోకూడదన్నారు. అప్పటినుంచి కీపర్‌కి కూడా కాళ్లు అవసరమయ్యాయి. 2019 నుంచి గోల్ కిక్ (గోల్ దగ్గర నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్) పెనాల్టీ ఏరియా దాటకముందే మనవాళ్లు అందుకోవచ్చు. అమెరికాలో చిన్నపిల్లల ఏడుగురి ఆటలో ఒక గీత గీస్తారు. కీపర్ దగ్గర బాల్ ఉన్నప్పుడు అవతలి జట్టు ఆ గీత వెనక్కి వెళ్లిపోవాలి. చాలా మంచి నిబంధన. అది లేని చోట్ల స్నేహపూర్వక మ్యాచ్‌లకు ముందు నేనే అవతలి కోచ్‌ని అడుగుతాను, గోల్ కిక్ అప్పుడు మీ పిల్లల్ని మధ్యగీత దాకా వెనక్కి పిలుస్తారా అని. కొందరు ఒప్పుకుంటారు. కొందరు నన్ను వింతగా చూస్తారు.

మా కీపర్‌కి చెప్పేది మాత్రం చాలామంది ఊహించేదానికి తలకిందులుగా ఉంటుంది. ముందు దూరం చూడు, తర్వాతే దగ్గర చూడు. ముందున్న మన పిల్లాడు ఖాళీగా ఉంటే, వాడు నిన్ను చూస్తుంటే, వెంటనే పంపెయ్. లివర్‌పూల్ కీపర్ ఆలిసన్ 2020 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ మీద చేసింది అదే. చివరి నిమిషాల్లో అందరూ లివర్‌పూల్ గోల్ ముందు గుమిగూడి ఉన్నారు, ఆలిసన్ బాల్ అందగానే పొడుగ్గా కొట్టాడు, సలా ఒంటరిగా పరిగెత్తి గోల్ చేశాడు. పొజెషన్ ఆటకు పేరుపడ్డ మాంచెస్టర్ సిటీకి కూడా, ఎడర్సన్ కీపర్‌గా ఉన్న రోజుల్లో, అతని పొడుగు కిక్ ఒక ఆయుధంగా ఉండేది. అలాంటి కిక్ ఉందని తెలిసిన అవతలి డిఫెండర్లు కాస్త వెనక్కి జరుగుతారు. వాళ్లు జరిగితే మధ్యలో చోటు దొరుకుతుంది, అప్పుడు దగ్గర పాసు హాయిగా వెళుతుంది. దూరపు బాల్ ఎప్పుడూ కొట్టరని తెలిసిన జట్టు మీదకు పదిమందీ ఎగబడతారు. దగ్గర ఆటకు ప్రాణం పోసేది దూరపు బాల్ భయమే. ఇది పిల్లలకు బోర్డు మీద చెబితే ఎక్కదు. అవతలివాళ్లు నిజంగా ఎగబడిన రోజు, ఆట మధ్యలో, ఒక్క బాల్ వాళ్ల వెనక వేసి చూపిస్తే ఎక్కుతుంది.

ఈ విషయంలో ఒక తండ్రి నన్ను నిలదీశాడు. "సార్, ముగ్గురు మీదకొస్తుంటే కూడా దగ్గర పాసేనా? మీ సిద్ధాంతం కోసం పిల్లలు గోల్స్ తినాలా?" అన్నాడు. అప్పుడే అలా బాల్ పోగొట్టుకుని ఒక గోల్ ఇచ్చాం, ఆయన కోపం న్యాయమే. నేను చెప్పింది ఇంతే: ముగ్గురు మీదకొచ్చారంటే వాళ్ల వెనక ముగ్గురు తక్కువ. అప్పుడు పొడుగ్గా కొట్టడమే కరెక్టు, మీరన్నదే నిజం. కాకపోతే ఆ ముగ్గురు వస్తున్నారని పిల్లాడు ముందే చూడాలి. మీరు బయటనుంచి "కొట్టు" అంటే వాడు మీ గొంతు విని కొడతాడు, ముగ్గుర్ని చూసి కాదు. రేపు మీరు రాని మ్యాచ్‌లో ఎవరి గొంతు వింటాడు? ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా తర్వాతి మ్యాచ్‌లో అరుపులు కొంచెం తగ్గాయి.

గోల్ ఇచ్చిన ఆ క్షణం ఉంది చూశారూ, పొజెషన్ నేర్పడం అంతా అక్కడే నిలుస్తుంది, లేదా అక్కడే కూలుతుంది. బాల్ వలలో పడగానే పిల్లాడు ముందు చూసేది బాల్‌ని కాదు, స్కోర్‌ని కాదు, కోచ్ ముఖాన్ని. అక్కడ చిరాకు కనిపించిందా, వాడు జన్మలో మళ్లీ దగ్గర పాసు వేయడు, మీరు ఎన్ని డ్రిల్స్ చేయించినా సరే. నేను బొటనవేలు ఎత్తి, మళ్లీ మధ్యగీత దగ్గరకు వెళ్లమని సైగ చేస్తాను. మాట్లాడేది సగం ఆట అయ్యాకే. అప్పుడు కూడా "ఎందుకలా ఇచ్చావ్?" అని కాదు, "అప్పుడు నీకేం కనిపించింది?" అని. ఒక్కోసారి వాళ్ల జవాబు విని ఆశ్చర్యపోతాను. "సార్, వాడు వస్తాడనుకున్నా, వాడు బయట కుక్కని చూస్తున్నాడు" అన్నాడొకడు. పాసు సరైనదే. కుక్కకి నేనేం చేయగలను?

పొడుగు పాసు ప్రత్యేకంగా ఎప్పుడు నేర్పాలన్నది నా లెక్కలో పన్నెండు, పదమూడేళ్ల దగ్గర. అప్పటికి కాలికి కొంత బలం వస్తుంది, పెద్దవాళ్ల బాల్ కంటే చిన్నదైన నాలుగో నంబరు బాల్ ఇంకా చేతిలో ఉంటుంది. నలభై మీటర్ల గొప్పలకు పోను, ఇరవై, పాతిక మీటర్లు చాలు. ఆనించే పాదం బాల్‌కి పక్కన, కొంచెం వెనకగా. లేసుల మీద, బాల్ మధ్యకు కింద తగలాలి. నడుం కాస్త వెనక్కి వాలాలి. ఇదంతా వీడియో చూసి ఎవరైనా నేర్పొచ్చు. నేను పట్టుబట్టేది ఒక్కటే. మైదానాన్ని మూడు భాగాలు చేస్తాను. వెనక భాగం నుంచి మధ్య భాగాన్ని దాటించి ముందుకు కొట్టొచ్చు, కానీ అందుకునేవాడు అప్పటికే కదిలి ఉండాలి. నిలబడి ఉన్నవాడికి కొడితే బాల్ అవతలి జట్టుది. దీంతో ముందున్నవాళ్లు కదలడం నేర్చుకుంటారు, వెనకవాళ్లు తలెత్తడం నేర్చుకుంటారు, మధ్యలోవాళ్లు తమను దాటి వెళ్లిన బాల్ కింద పడే చోటుకు పరిగెత్తడం నేర్చుకుంటారు.

దగ్గర ఆట ముందు, దూరపు ఆట తర్వాత అని నేను వరస పెట్టడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 1998 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, నెదర్లాండ్స్, అర్జెంటీనా, 1-1, ఆట ముగింపుకొచ్చింది. నెదర్లాండ్స్ డిఫెండర్ ఫ్రాంక్ డి బూర్ తలెత్తి చూసి తన సగం నుంచి అవతలి పెనాల్టీ ఏరియాలోకి ఒక పొడుగు బాల్ వేశాడు. అతని జట్టు ఫార్వర్డ్ బెర్గ్‌క్యాంప్ మూడు టచ్‌లు చేశాడు. ఒకటి గాల్లోంచి దించడానికి, రెండోది అర్జెంటీనా డిఫెండర్ అయాలాని దాటడానికి, మూడోది గోల్. అందరూ ఆ పాసుని మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ మొదటి టచ్ లేకపోతే అది గోల్ కిక్ అయ్యేది. ప్రతి మంచి పొడుగు బాల్‌కీ అవతలి చివర ఒక కష్టమైన ఫస్ట్ టచ్ ఉంటుంది. అది నేర్చుకునే చోటు ఇరుకైన చతురస్రమే, రోండోనే, దూరపు కాలే. కొట్టడం పద్నాలుగేళ్లకైనా వస్తుంది. అందుకోవడం అప్పుడు మొదలుపెడితే మాత్రం చాలా ఆలస్యం.

నా సహ కోచ్ ఇందులో సగమే ఒప్పుకుంటాడు. పదేళ్లకే దూరపు పాసు ఆడనివ్వాలి, లేకపోతే పిల్లల కళ్లు పది మీటర్ల దగ్గరే ఆగిపోతాయి అంటాడు. మాట తీసేయదగ్గది కాదు. అందుకే ఇప్పుడు చిన్నవాళ్లకు చివరి పావుగంట ఏ షరతూ లేని ఆట పెడుతున్నాం, ఎలాగైనా ఆడుకోవచ్చు. ఆశ్చర్యం ఏమిటంటే ఆ పావుగంటలో తన్నేవాళ్లు తక్కువ, డ్రిబ్లింగ్ చేసేవాళ్లు ఎక్కువ. ఎవడూ పాసు ఇవ్వడు! అది ఇంకో తలనొప్పి, ఇంకోసారి రాస్తాను.

మ్యాచ్ రోజు నా దగ్గర ఒక కాగితం ఉంటుంది. గోల్స్ కాదు, పాసులు కాదు. బాల్ అందుకునే ముందు తల తిప్పి చూసిన ప్రతిసారీ ఆ పిల్లాడి పేరు ఎదురుగా ఒక గీత. కోచింగ్ ఇస్తూ ఇది రాయడం నాకు కుదరడం లేదు. పోయిన మ్యాచ్‌కి కాగితం, పెన్ను తీసుకెళ్లి నన్ను నిలదీసిన ఆ తండ్రి చేతిలోనే పెట్టాను. మొహమాటంగా తీసుకున్నాడు. పది నిమిషాల తర్వాత చూస్తే గీతలు గీయడంలో మునిగిపోయి ఉన్నాడు, అరవడానికి తీరిక లేదు. సగం ఆట అయ్యేసరికి పక్కనున్న ఇంకో తండ్రితో పెద్ద వాదన. వాళ్లబ్బాయి తిరిగింది బాల్ కోసమా, లేక జుట్టు సర్దుకోవడానికా, దానికి గీత వేయాలా వద్దా అని. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను చూడలేదని చెప్పి తప్పించుకున్నాను.